షేర్లు అమ్మడానికి మంచిరోజు

మా ఫౌండేషన్‌లో కొత్తగా చేరిన పిల్లలు మొన్న నన్ను పిలిచి నాలుగు మాటలు చెప్పమన్నారు. మైకు ముందు నిలబెడితే ఎవరికైనా మంచిమాటలే వస్తాయి. అవే చెప్పి, శాలువా కప్పించుకుని వచ్చేశాను. తిరుగుదారిలో క్యాబ్‌లో కూర్చున్నాక సిగ్గేసింది. చెప్పాల్సింది ఒక్కటీ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో అకౌంట్స్ విభాగంలో చేరాను. తర్వాత ఆ కంపెనీ స్థాపించినాయన దానధర్మాలకని ఫౌండేషన్ పెట్టి, నన్ను అందులోకి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఆయన పేరు రాయను. మేమంతా చైర్మన్ గారు అనేవాళ్లం, ఇక్కడా అలాగే అంటాను. నా ప్రమోషన్ల సంగతి మీకు అక్కర్లేదు, ఫైళ్లు ఎలా పెట్టాలో మీ పై అధికారులు నేర్పుతారు. నేను చెప్పేది ఒక్క నర్సు కథ, ఆవిడకు అందకుండా పోయిన సాయం కథ.

ఖరీదైన మరుగుదొడ్లు

చైర్మన్ గారు గోదావరి జిల్లా మనిషి. కంపెనీ షేరు మార్కెట్లోకి వచ్చిన కొత్తల్లో, సొంతూళ్లో ఆడపిల్లల హైస్కూలుకు మరుగుదొడ్లు కట్టించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. చేతిలో రొక్కం లేదు, ఉన్న ఆస్తంతా షేర్లే. కొన్ని అమ్మి కట్టించారు. ఇంటర్వెల్ గంట కొట్టగానే ఇళ్లకు పరుగెత్తే బాధ ఆ పిల్లలకు తప్పింది. ఊరంతా దండం పెట్టింది.

ఆ తర్వాత షేరు ఎక్కడికో వెళ్లిపోయింది.

"ఆ రోజు అమ్మినవి ఇవాళ నా దగ్గరుంటే ఎంతయ్యేవో తెలుసాండీ? ఇంత ఖరీదైన మరుగుదొడ్లు ఏ మహారాజూ కట్టించి ఉండడు" అని నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్లం. జీతం తీసుకునేవాడికి యజమాని జోకు ఎన్నిసార్లు విన్నా కొత్తదే కదా.

ఏటా ఆ జోకులో అంకె పెరుగుతూ వచ్చింది. అక్కడ గోడలకు పెచ్చులూడుతున్నాయి, ఇక్కడ వాటి ఖరీదు పెరుగుతోంది. కొన్నాళ్లకు ఆయన నవ్వడం మానేశారు. అప్పుడు నాకు అర్థమైంది, అది జోకు కాదని. ఇచ్చినదాన్ని ఇవాళ్టి రేటుతో గుణించుకోవడం మొదలుపెట్టిన మనిషికి చెయ్యి వెనక్కే లాగుతుంది. ఆయన పిసినారి మాత్రం కాదు. ఇంటినుంచి తెచ్చుకున్న క్యారేజీలో కూర మా అందరికీ వడ్డించి తినేవారు. డ్రైవర్ కూతురి ఫీజు ఎవరికీ తెలియకుండా కట్టేవారు. జేబులోంచి ఇవ్వడం ఆయనకు చిటికెలో పని. షేరు అమ్మి ఇవ్వాలంటేనే ప్రాణం గిలగిల్లాడేది.

మా మదీనాగూడ ఫ్లాటు

ఈ జబ్బు ఆయనొక్కరికే ఉందంటే నా నాలుక ఊరుకోదు. కంపెనీ మాకూ కొన్ని షేర్లిచ్చింది. నేను నావన్నీ అమ్మేసి మదీనాగూడలో ఫ్లాటు కొన్నాను. నా పక్క సీటు రాఘవరావు అమ్మలేదు. ఇప్పుడు ఆయన కోకాపేటలో మబ్బుల పక్కన ఉంటాడు. ఏ పెళ్లిలో కనపడినా విస్తరి ముందే మొదలుపెడతాడు.

"సత్యం, నువ్వా రోజు తొందరపడకుండా ఉంటేనా! ఇవాళ నా పక్క టవర్లో ఉండేవాడివి."

చాలా ఏళ్లు ఆ మాట వింటే నాకు అన్నం సహించేది కాదు. పొద్దున్నే పేపర్లో ఆ షేరు ధర చూసుకుని, కాఫీ చల్లారబెట్టుకుని, ఇంటిల్లిపాదినీ విసుక్కునేవాణ్ణి. చివరికి ఒక పెళ్లిలో మా ఆవిడ పద్మ అందుకుంది.

"అన్నయ్యగారూ, ఈయన ఆ షేర్లు అమ్మకుండా ఉంటే మేం ఇన్నేళ్లూ ఎక్కడ పడుకునేవాళ్లమండీ? మీ ఇంట్లోనా?"

పంక్తంతా నవ్వింది. రాఘవరావు కూడా నవ్వాడు. ఆ రోజునుంచి నాకు ఆ బాధ పోయింది. అవసరానికి అమ్ముకున్నది పోగొట్టుకున్నట్టు కాదు. ఇంత చిన్న సంగతి మా ఇంట్లో తేలిపోయింది గానీ, ఆఫీసులో నోరు విప్పి చెప్పే ధైర్యం నాకు రాలేదు.

చందానగర్ డాబా ఇల్లు

సిస్టర్ సుగుణ ఖమ్మం వైపు మనిషి. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి, ముందుగానే ఉద్యోగం మానుకుని, చందానగర్‌లో ఒక పాత డాబా ఇల్లు కిరాయికి తీసుకుంది. క్యాన్సర్‌కి రేడియేషన్, జనం మాటల్లో కరెంటు, పెట్టించుకోవడానికి జిల్లాలనుంచి వచ్చేవాళ్లు వారాల తరబడి నగరంలో ఉండాలి. వాళ్లకు బంధువులుండరు, లాడ్జికి డబ్బులుండవు. దవాఖాన గేటు బయట చాప పరుచుకునేవాళ్లు. అలాంటివాళ్లను తెచ్చి ఆ ఇంట్లో పెట్టుకునేది. తను తయారుచేసుకున్న నలుగురు అమ్మాయిలు ఆవిడకు తోడు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. వైద్యం పూర్తయి వెళ్లిపోయేవాళ్లు ఆఖరి రోజున తమ ఊరి వంట ఏదైనా వండి, ఉన్నవాళ్లందరికీ పెట్టి బస్సెక్కాలి.

ఆవిడ మా ఫౌండేషన్‌కు అర్జీ పెట్టుకుంటే, చైర్మన్ గారిని నేను అక్కడికి తీసుకెళ్లిన రోజు ఒక ఆదిలాబాద్ ఆవిడ జొన్నరొట్టెలు చేస్తోంది. ఆమె భర్తకు గొంతు క్యాన్సర్, తను రొట్టె మింగలేడు. అయినా పక్కన కూర్చుని అందరికీ ఒక్కొక్కటే అందిస్తున్నాడు. చైర్మన్ గారు మంచం మీదే కూర్చుని రెండు రొట్టెలు తిన్నారు. కారెక్కాక జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఆయన మనసులో కల్మషం లేదని నేను ఏ గుడిలోనైనా ప్రమాణం చేస్తాను.

సుగుణ అడిగింది పెద్ద కోరిక కాదు. డాబా పక్కన ఖాళీ జాగా ఉంది. దాని యజమాని ఒక ముసలాయన, ఆవిడ పని చూసి తక్కువకే ఇస్తానన్నాడు. అది కొని రేకుల షెడ్డు వేసుకున్నా ఇరవై మంచాలు పడతాయి. కిరాయి ఇల్లు పోయినా భయం ఉండదు.

"ఇరవై ఏం సరిపోతాయండీ సత్యం గారూ? రెండొందల మంచాలు కడదాం. మన షేరు ఒక్క ఏడాది ఆగితే ఎక్కడుంటుందో చూడండి. అప్పుడు అమ్మి దర్జాగా కట్టిద్దాం" అన్నారు చైర్మన్ గారు.

మరుసటి వారానికల్లా ఆ భవనం నమూనా చిత్రం వచ్చింది, దానికి వాళ్లమ్మగారి పేరు కూడా పెట్టేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నేను వెళ్లి ఆ చిత్రం చూపిస్తే సుగుణ భయపడింది.

"రెండు నూర్లా? వద్దు సారు. గంతమందిని నేను పేరు వెట్టి పిలవలేను. నాకు పక్క జాగ ఇప్పియ్యుండ్రి, చాలు."

"ఒక్క ఏడాదమ్మా. ఆగితే పెద్దది వస్తుంది" అన్నాను. ఆ మాట ఎంత నమ్మకంగా అన్నానంటే, నేనే నమ్మాను.

ఏ రోజు అడగాలి

మీకు నవ్వులాటగా ఉంటుంది గానీ, మా ఉద్యోగంలో అసలు విద్య ఇదే. షేరు పెరిగిన రోజు ఆయన దగ్గరికి వెళ్తే, "ఇంత ఊపుమీదున్నప్పుడు ఎవరైనా అమ్ముతారాండీ?" అనేవారు. తగ్గిన రోజు వెళ్తే, "ఇంత తక్కువకా?" అనేవారు. అందుకని మేం మార్కెట్‌కు సెలవున్న రోజు చూసుకుని వెళ్లేవాళ్లం. అందులోనూ శుక్రవారమైతే ఇంటి లక్ష్మిని బయటికి పంపకూడదు. మూఢమైతే కొత్త పని వద్దు. దేశానికంతా కంప్యూటర్లు నేర్పిన మనిషి పంచాంగం చూడకుండా చెక్కు మీద సంతకం పెట్టేవారు కాదు.

ఆయన సరేనన్నా ఫైనాన్స్ పెద్దాయన ఉండనే ఉన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, "కంపెనీ పెట్టినాయనే అమ్ముతున్నాడంటే మార్కెట్ బెదురుతుందండీ. కంపెనీ మూణ్ణెల్ల ఫలితాల ముందు అమ్మకూడదు, నిబంధన ఒప్పుకోదు. ఫలితాలు బాగుంటే అప్పుడెందుకు అమ్మడం?" అనేవాడు. అతనన్న ప్రతి ముక్కా నిజమే. అన్ని నిజాలూ కలిపితే అమ్మడానికి మంచిరోజు అనేదే ఉండదు.

మొదటి ఏడాది అలా గడిచింది. నేను అప్పుడప్పుడూ చందానగర్ వెళ్లేవాణ్ణి. గేటు తీస్తూనే సుగుణ నా మొహం చూసేది.

"ఏంది సారు, మళ్ల ఒచ్చే ఏడాదేనా?"

"షేరు బాగా పెరుగుతోందమ్మా."

"పెరగనియ్యుండ్రి. గా ముసలాయన జర పరేషాన్‌ల ఉన్నడు. కొడుకులు జాగ అమ్మమని ఒత్తిడి వెడుతున్నరు. నా కోసం ఎన్ని దినాలు ఆపుతడు?"

ఈ మాట నేను చైర్మన్ గారికి చెప్పాను. చెప్పాను గానీ, టీ కప్పు పట్టుకుని, వేరే మాటల మధ్యలో, నెమ్మదిగా చెప్పాను. బల్ల మీద చెయ్యి వేసి, 'సార్, ఇవాళ కొనకపోతే ఆ ఇల్లు మిగలదు' అని గట్టిగా అనలేదు. అని ఉంటే వినేవారేమో. వినకపోతే మహా అయితే విసుక్కునేవారు. ఆ విసుగుకు నేను భయపడ్డాను.

నీలం రేకులు

రెండో ఏడాది చివర్లో ఒక పొద్దున చైర్మన్ గారే పిలిచారు. మొహం వెలిగిపోతోంది.

"చూశారా, ఆగినందుకు రెండింతలైంది! ఇవాళ అమ్మేద్దాం. వెళ్లి ఆ జాగా బేరం తేల్చేసుకు రండి."

ఆఫీసు కారులో పరుగున వెళ్లాను. పక్క జాగా చుట్టూ నీలం రేకులు కొట్టి ఉన్నాయి. లోపల జేసీబీ తవ్వుతోంది. ముసలాయన ఒక బిల్డర్‌కి అమ్మేసి వారమైందట. మా షేరు రెండింతలైతే, ఈ ఐటీ కారిడార్‌లో నేల అంతకుమించి పరుగెత్తింది. రెండేళ్ల క్రితం మేం ఇవ్వాల్సిన దానితో అప్పుడు అందులో ఒక మూల కూడా వచ్చేది కాదు. షేరుతో పందెం వేసినవాళ్లం, నేల కూడా పరుగెడుతుందని మరిచిపోయాం. అదీ ఎవరు? ప్రతి బోనస్‌కీ ప్లాట్లు కొనుక్కునే ఆంధ్రావాళ్లం మేం!

సుగుణ నన్ను లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

చైర్మన్ గారికి వెళ్లి చెప్పాను. "పోనీలెండి, ఇంకోచోట చూద్దాం. ఈలోగా షేర్లు అమ్మకండి" అన్నారు.

కొన్నాళ్లకు డాబా ఇంటి యజమాని కూడా అదే బిల్డర్‌తో కలిశాడు. ఇల్లు ఖాళీ చేయమన్నారు. సుగుణ చందానగర్, మదీనాగూడ సందులన్నీ తిరిగింది. కిరాయి ఎంతైనా ఇస్తానంది. జబ్బు మనుషులకు ఇల్లివ్వం పొమ్మని మొహం మీదే తలుపులేశారు. ఆఖరికి మంచాలు ఒక చర్చికి ఇచ్చేసింది. ఆ రోజు నేను వెళ్లలేదు. ఆఫీసులో మీటింగ్ ఉందన్నాను. మీటింగ్ ఉన్నమాట నిజమే.

ఆయన పోయాక

చైర్మన్ గారు చివరి రోజుల్లో మంచం పట్టారు. చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, "సత్యం గారూ, ఆ రొట్టెలు అందించినాయన బతికాడాండీ?" అని అడిగారు. తెలీదన్నాను. "కనుక్కోండి" అన్నారు. ఆదిలాబాద్ జిల్లాలో పేరు తెలియని మనిషిని ఎక్కడని వెతకను? కనుక్కోలేకపోయాను. ఆ మాటకు వస్తే ఆయన ఎంత సంపాదించారో దేశమంతటికీ తెలుసు, ఆయన అడిగిన ఆ ఒక్క సంగతి మాత్రం ఆయనకు తెలియకుండానే పోయారు.

వీలునామా తెరిస్తే, షేర్లలో పెద్ద భాగం ఫౌండేషన్‌కు రాసి ఉంది. బతికుండగా అమ్మడానికి ఒక్క మంచిరోజు దొరకని షేర్లన్నీ ఆయన పోయాక ఒకేసారి వచ్చి పడ్డాయి. పేపర్లు ఆయన్ను దానకర్ణుడన్నాయి. సంతాపసభలో మాట్లాడినవాళ్లంతా ఆ అంకె చెప్పి మరీ దణ్ణం పెట్టారు. నేనూ మాట్లాడాను. నేనూ ఆ అంకే చెప్పాను.

పిల్లలూ, మీకు చెప్పదలుచుకున్నది ఇక్కడుంది. మీ దగ్గరికి ఎంతోమంది వస్తారు. ఏ షేరు ఎంత పెరుగుతుందో చెప్పేవాళ్లు మీ ఆఫీసునిండా ఉంటారు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఇంకా ఎన్నేళ్ల సత్తువ ఉందో అడిగేవాళ్లు ఒక్కరూ ఉండరు. ఆ ప్రశ్న మీరు అడగండి. డబ్బు ఆగుతుంది, దాచిపెడితే పెరుగుతుంది కూడా. పనిచేసే మనిషి వయసు ఆగదు. మంచి మనిషి సత్తువలో ఉండగా చిన్నదడిగితే ఆ చిన్నదే ఇచ్చేయండి. పెద్దది తర్వాత కట్టుకోవచ్చు. మీ యజమాని విసుక్కుంటే విసుక్కోనివ్వండి, ఆ విసుగు సాయంత్రానికి పోతుంది. నా మాట నమ్మండి.

రెండొందల మంచాలు

చైర్మన్ గారి అమ్మాయి ఇప్పుడు ఫౌండేషన్ చూస్తోంది. బుద్ధిమంతురాలు. నేను రిటైరయ్యే ముందు పిలిచి, "నాన్నగారు ఆఖరిదాకా ఆ రెండొందల మంచాల గురించే అన్నారండీ. ఎంతైనా సరే కడదాం. ఆ సిస్టర్ గారే నడపాలి. మీరు వెళ్లి ఒప్పించండి" అంది.

పాత నమూనా చిత్రం కొత్తగా ముద్రించి ఇచ్చారు. దాన్ని పట్టుకుని వెళ్లాను. సుగుణ చందానగర్ మార్కెట్ వెనక తమ్ముడి కొడుకు ఇంట్లో ఉంటోంది. తలుపు తీయడానికి గోడ పట్టుకుంటూ వచ్చింది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. నా మాటంతా ఓపికగా విన్నది. ఎంత డబ్బుందో చెబితే ఆశ్చర్యపోయింది కూడా.

"సంతోషం సారు. కట్టుండ్రి. కానీ నన్ను అడగకుండ్రి."

"మీరు కూర్చుని చెబితే చాలమ్మా, చేసేవాళ్లను పెడతాం. మీ దగ్గర తయారైన అమ్మాయిలున్నారు కదా?"

"ఇద్దరు దుబాయ్ పోయిండ్రు. ఒకామె పెండ్లయి పోయింది. ఒకామె సచ్చిపోయింది." మోకాళ్లు రుద్దుకుంది. "మీ షేర్లు ఏడాదికేడాది పెరిగినయ్ సారు. నేను ఏడాదికేడాది తరిగిన. అప్పుడిస్తే చేసేదాన్ని. ఇప్పుడు బాత్రూముకు పోవాలంటే నాకే ఒకరు చెయ్యి వట్టాలె."

నాకు ఏడుపొచ్చింది. క్షమించమ్మా అన్నాను. "మీరేం జేస్తరు" అంది. నన్ను ఓదార్చడానికి అన్నదే గానీ, అది నిజం కాదని మా ఇద్దరికీ తెలుసు.

అంతలో ఆవిడ ఫోన్ మోగింది. ఎవరో పెద్దగా మాట్లాడుతున్నారు, ఊళ్లోవాళ్ల గొంతు. వాళ్ల చుట్టం ఎప్పుడో సుగుణ దగ్గర ఉండి వెళ్లాడట, ఆ నంబర్ ఇచ్చాడట. రేపు పొద్దున బస్సుకు వస్తున్నామంటున్నారు. తల్లికి కరెంటు పెట్టాలన్నారట, ఆరు వారాలట, మీ దగ్గర జాగా ఉందా అంటున్నారు.

"ఇంకా గిట్లనే చేస్తుంటరు సారు. నంబర్ ఊర్లు వట్టి తిరుగుతున్నది. బంద్ అయిందని చెప్పనీకి నోరు రాదు" అని, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి నావైపు చూసింది. "ఏం చెప్పమంటరు?"

నా ఒళ్లో రెండొందల మంచాల బొమ్మ ఉంది.

ఆవిడ ఫోన్ మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇప్పుడు జాగ లేదు బిడ్డా. ఫికర్ చెయ్యకుండ్రి, దవాఖాన రెండో గేటు కాడ వాచ్‌మెన్ ఉంటడు, నా పేరు చెప్పుండ్రి, రేకు కింద పండుకోనిస్తడు. అమ్మకు మందం దుప్పటి తెచ్చుకోండ్రి. కింద బండలు సల్లగుంటయ్."